పాలమూరులో చీనా వెండి: ఒక పాత సామాన్ల దుకాణంలో మూడు పూటలు

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ నుండి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, బంగారు దుకాణాల వరుస ముగిసే చోట, పాత వెండి సామాన్లు కొని అమ్మే ఒక చిన్న దుకాణం ఉంది. గత 8 నెలల్లో నేను నల్లగొండ నుండి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మూడుసార్లు అక్కడికి వెళ్లాను. ఒక వస్తువు కొన్నాను, నాలుగింటిని చూసి కొనకుండా వదిలేశాను, ఇంకొకదానికి మాట ఇచ్చి వచ్చాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అవన్నీ యజమాని ఎదుటే చెప్పాను కాబట్టి ఆయన పేరును వీధిలో పెట్టవలసిన అవసరం కనిపించలేదు. బ్యాంకులో బంగారు రుణాల బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కనుక లోహం గురించి కొంత తెలుసు. చీనా ముద్రల చదువు మాత్రం ఉద్యోగ విరమణ తరువాత మొదలుపెట్టిన వ్యసనం.

దుకాణంలో ఎక్కువ భాగం మన సరుకే. దండకడియాలు, కాళ్ల కడియాలు, వడ్డాణాలు, కుంకుమ భరిణెలు, పన్నీరు బుడ్లు, పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు, ఒక డబ్బా నిండా నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయలు ఉంటాయి. ఊళ్లలో తాతలు, అవ్వలు పోయిన తరువాత పిల్లలు పంచుకుని అమ్మిన సొమ్ము అది. యజమానిని అందరూ సేటు అంటారు, నేనూ సేటు సాబ్ అనే పిలిచాను. ఆయన వెనుక ఉన్న చెక్క అల్మారాలో ఒక అర మొత్తం ‘చీనా మాల్’ అని వేరుగా పెట్టాడు. ఈ సమీక్ష ఆ ఒక్క అర గురించే. కడియాల సంగతి రాయదలచుకోలేదు. వాటిని కరిగించే ధరకు కొని కరిగించే ధరకు అమ్ముతారు, అందులో మోసానికి గానీ మురిపానికి గానీ పెద్దగా చోటు లేదు.

ముందుగా ఈ ముద్రలు ఏమిటో చెప్పాలి, ఎందుకంటే దుకాణం మీద నా తీర్పు అంతా దాని మీదే ఆధారపడి ఉంది. మన దేశంలో వెండి మీద భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ 2005 నుండి ఉంది. అది ఉన్న వస్తువును దుకాణదారుతో సంబంధం లేని ఒక కేంద్రం పరీక్షించి ముద్ర వేసిందని అర్థం. ఇంగ్లండులో అటువంటి ఏర్పాటు కొన్ని వందల ఏళ్లుగా ఉంది. పాత చీనాలో ఎగుమతి వెండికి అటువంటి పరీక్షాలయం లేదు. కాంటన్‌లో (నేటి గ్వాంగ్‌జౌ రేవు) గానీ హాంకాంగ్‌లో గానీ షాంఘైలో గానీ గిన్నె అడుగున కనిపించే ముద్ర దుకాణం తన మీద తాను చెప్పుకున్న మాట. ‘90’ అని ఉంటే వెండి నూటికి తొంభై పాళ్లు ఉందని అమ్మినవాడు అంటున్నాడని మాత్రమే. మంచి దుకాణాలు ఆ మాటను చాలా వరకు నిలబెట్టుకున్నాయి; కానీ మాట నిలబెట్టుకోవడం వేరు, మూడో మనిషి పూచీ పడటం వేరు.

ఆ తొంభై అనే అంకె గాలిలో నుండి రాలేదు. 18వ, 19వ శతాబ్దాలలో పట్టుకూ తేయాకుకూ పింగాణీకీ బదులుగా విదేశీ వర్తకులు చీనాకు తీసుకుపోయినవాటిలో వెండి నాణేలు ముఖ్యమైనవి. మొదట స్పెయిన్ డాలర్లు, తరువాత మెక్సికో డాలర్లు. మెక్సికో డాలర్‌లో వెండి 90.3 శాతం. కంసాలి ఆ నాణేలను కరిగించి గిన్నె చేస్తే తొంభై దగ్గర తేలడం సహజం. ఆ నాణేలు చేతులు మారినప్పుడల్లా పరీక్షించిన దుకాణం తన గుర్తును నాణెం మీదనే ఒక దెబ్బ కొట్టేది. ఆ గుర్తును ఇంగ్లీషు వర్తకులు ‘చాప్’ అన్నారు. అది మన ఛాప్ అన్న మాటే, హిందీలో నుండి ఓడ ఎక్కి కాంటన్ చేరింది. నాణేలను పరీక్షించే మనిషిని ‘ష్రాఫ్’ అన్నారు. అదీ మన సరాఫ్ అన్న మాటే. హాంకాంగ్‌లో నేటికీ బండ్లు నిలిపే చోట డబ్బు కట్టే కిటికీ మీద ఆ పేరు రాసి ఉంటుంది. సరాఫా బజారులో కూర్చుని చీనా ఛాపులను చూడటం అంత వింత సంగతేమీ కాదని సేటుకు ఇదంతా చెబితే ఆయన నవ్వి, “గట్లయితె మనోల్లే గద సార్,” అన్నాడు.

ఇక వస్తువులు. నేను కొన్నది ఒక ఉప్పు గిన్నె. గుండ్రటిది, మూడు కాళ్లది, చుట్టూ ఒక డ్రాగన్ తన తోకను తానే తరుముతున్నట్లు తిరిగి ఉంది. ఇటువంటి గిన్నెలలో సాధారణంగా నీలి గాజుతో చేసిన లోపలి గిన్నె ఉంటుంది, ఎందుకంటే ఉప్పు వెండిని తింటుంది. ఇందులో ఆ గాజు లేదు. లేకపోవడమే నాకు మేలు చేసింది. లోపలికి చూస్తే బయట డ్రాగన్ వీపు ఉబ్బిన ప్రతి చోటా లోపల అదే ఆకారంలో గుంట కనిపించింది. అంటే రేకును లోపలి నుండి కొట్టి ఉబ్బించి, తరువాత బయటి నుండి సన్నని ఉలితో పొలుసులు తీర్చారు. సాంచాలో పోసిన నకిలీలో ఈ గుంటలు సాధారణంగా ఉండవు. లోపల నున్నగా గానీ గరుకుగా గానీ ఉండి, బయట ఉబ్బిన చోట గోడ మందంగా ఉంటుంది, పొలుసుల అంచులు సబ్బు అరిగినట్లు మొద్దుబారి ఉంటాయి.

అడుగున మూడు ముద్రలు ఉన్నాయి. ఒకటి లాటిన్ అక్షరాలలో ‘డబ్ల్యూ, హెచ్’, ఒకటి ‘90’, మూడవది చిన్న చట్రంలో చీనా అక్షరాలు. డబ్ల్యూ హెచ్ అంటే వాంగ్ హింగ్, కాంటన్‌లోనూ హాంకాంగ్‌లోనూ పేరు మోసిన దుకాణం, 19వ శతాబ్దం రెండవ సగం నుండి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా నడిచింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. లాటిన్ అక్షరాలు అమ్మిన దుకాణానివి. చీనా అక్షరాలు చాలా సందర్భాలలో చేసిన పనివాడివి, లేదా అతని కార్ఖానావి. అందువల్ల ఒకే డబ్ల్యూ హెచ్ పక్కన వేరువేరు వస్తువుల మీద వేరువేరు చీనా ముద్రలు కనిపిస్తాయి. దానిని చూసి నకిలీ అని పారవేయకూడదు. రెండు ముద్రలూ ఒకే మనిషివని అనుకునేవాడు అసలును నకిలీ అంటాడు, లాటిన్ అక్షరాలు చూడగానే సంతృప్తి పడేవాడు నకిలీని అసలు అంటాడు. వాంగ్ హింగ్ పేరు అందరికీ తెలిసిన పేరు కాబట్టి దానికి నకళ్లు కూడా తక్కువేమీ కాదు.

కాబట్టి ముద్ర ఏమి చెబుతోందన్నది తరువాత. ముద్ర ఎలా పడిందన్నది ముందు. సేటు దగ్గర 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంది, అద్దం అంచున చిన్న చీలిక ఉన్నా పనికి వచ్చింది. దుకాణంలో తెల్లని ట్యూబు లైటు కింద ఏదీ సరిగ్గా కనిపించలేదు. గిన్నెను వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో చూస్తానంటే ఆయన కాదనలేదు. పని కుర్రవాణ్ణి కూడా వెంట పంపలేదు, అది నాకు నచ్చింది. ఎండలో చూస్తే అక్షరాల గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్నాయి. పోటు పడిన చోట లోహం పక్కకు ఒత్తుకుపోయి సన్నని గట్టులా లేచింది. ఉక్కు ముద్రను సుత్తితో కొడితేనే అటువంటి గట్టు వస్తుంది. పోత ముద్రలో అది రాదు. అక్కడ అక్షరం అడుగున సూది మొనంత గుంటలు ఉంటాయి, అంచులు కరిగిన బెల్లంలా గుండ్రంగా ఉంటాయి. మూడు ముద్రలూ ఒక వరుసలో అచ్చు గుద్దినట్లు కాక, ‘90’ కొద్దిగా వాలి ఉంది. వేరువేరు దెబ్బలు అనడానికి అది కూడా ఒక సాక్ష్యమే.

తరువాత నీటి పరీక్ష. సేటు నగల తూకానికి వాడే కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి, గిన్నెను దారంతో వేలాడదీసి, గ్లాసుకు తగలకుండా నీటిలో ముంచాం. పొడి తూకం 62.40 గ్రాములు, ముంచినప్పుడు కాటా అదనంగా చూపింది 6.05. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే సాంద్రత 10.31. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.49, రాగి 8.96, తొమ్మిది పాళ్ల వెండికి ఒక పాలు రాగి కలిపితే లెక్క ప్రకారం 10.31 దగ్గరే రావాలి. గీటురాయి మీద గీత గీసి ఆమ్లం చుక్క వేయడం కన్నా ఇది నాకు ఇష్టం, వస్తువుకు గీటు పడదు, లోపల ఏముందో కూడా బయటపడుతుంది. సేటు మొదట దీనిని పిల్లల ఆటలా చూశాడు. మూడవసారి నేను వెళ్లేసరికి ఆయన తానే గ్లాసు, దారం బల్ల కింద సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు.

ఆ వరుసలోనే ఉన్న వెండి పరీక్షా కేంద్రంలో ఎక్స్‌రేలతో లోహాల పాళ్లు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉంది. గిన్నెను అక్కడికి తీసుకుపోయి చూపించాం. వెండి 90.4, రాగి 8.7, సీసం 0.5, బంగారం 0.2 అని కాగితం వచ్చింది. ఆ చివరి రెండు చిన్న అంకెలే నాకు ఎక్కువ సంతోషం ఇచ్చాయి. పాత కాలపు శుద్ధిలో బంగారం, సీసం పూర్తిగా పోవు. ఈ కాలపు విద్యుత్తు శుద్ధిలో దాదాపు మిగలవు. అయితే ఆ యంత్రం చూసేది పై పొరను మాత్రమే. మందంగా వెండి పూత వేసిన ఇత్తడిని కూడా అది కొంత దూరం వెండి అనే అంటుంది. పాత వెండి పై నుండి రాగి కొంత కరిగిపోయి ఉంటుంది కాబట్టి అసలు వస్తువులో కూడా ఉపరితలం లోపలికంటే కాస్త మేలుగా కనిపిస్తుంది. అందువల్ల కాగితం, నీటి లెక్క రెండూ ఒకే మాట చెప్పినప్పుడే నేను డబ్బు తీస్తాను. గిన్నెకు ఆనాటి వెండి ధరకు మూడు రెట్లు ఇచ్చాను. ఎక్కువే అనేవారు ఉంటారు, నాకు అనిపించలేదు.

కొననివాటిలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఒక మగ్గు. సేటు దానిని గిన్నె కన్నా పాతదని, ఎక్కువ విలువైనదని నమ్ముతున్నాడు. కారణం ఆయనకు ఎవరో చెప్పిన సగం నిజం. కాంటన్ పనివారు 1785 ప్రాంతం నుండి 19వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా ఇంగ్లండు ముద్రలను నకలు చేశారన్నది నిజమే. నడిచే సింహం, చిరుతపులి తల, రాజు ముఖం అన్నీ చెక్కేవారు, కానీ చూసి గీసిన బొమ్మ లాగా కాస్త తేడాగా ఉండేవి. లండన్‌లో విలియం ఎలీ, విలియం ఫెర్న్, విలియం చానర్ అనే ముగ్గురు భాగస్థుల పొడి అక్షరాలను కాంటన్‌లో ఎవరో నకలు చేస్తూ రెండవవాడి ‘ఎఫ్’ను కూడా ‘ఈ’గా చెక్కేశారు. ఆ అక్షరదోషమే నేడు చీనా వెండిని గుర్తుపట్టే ఆనవాలు. ఇంగ్లండు ముద్రలా ఉండి ఇంగ్లండు ముద్రల పట్టికలో దొరకనిదంతా కాంటన్‌దే అయి ఉండాలని సేటు వాదన.

ఆ వాదనలో ఒక పెద్ద చిల్లు ఉంది. మగ్గు అడుగున నాలుగు చిన్న డాలు ఆకారపు చట్రాలు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క అక్షరం ఉన్నాయి. మెరుగు పెట్టి పెట్టి అరిగిపోయాయి. ఎండలో వాటిని ఏటవాలుగా పట్టుకుని చూస్తే మొదటిది ‘ఈ’, రెండవది ‘పి’, మూడవది ‘ఎన్’, చివరిది ఎనిమిది అంకెలా కనిపించినా నిజానికి ‘ఎస్’. ఈ నాలుగు అక్షరాలకు అర్థం జర్మన్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. ఇంగ్లండులో పూత సామాన్లు చేసేవారు కొనేవాడి కళ్లకు అసలు హాల్‌మార్క్‌లా కనిపించాలనే ఒక్కొక్క అక్షరాన్ని వేరు వేరు చట్రంలో కొట్టేవారు. పిడి వంపు దగ్గర, బుడిపెల మీద పూత అరిగి కింది లోహం పసుపు కలిసిన బూడిద రంగులో తొంగి చూస్తోంది. చీనావారు ఇంగ్లండును నకలు చేశారని చదివినవాడు ఇంగ్లండువారు ఇంగ్లండునే నకలు చేసుకున్నారని కూడా చదివి ఉండాలి. సేటు భూతద్దం తీసుకుని చాలాసేపు చూసి, “నాకెవ్వరు జెప్పలె సార్,” అన్నాడు. మగ్గు మీద చీటీ మాత్రం నేను రెండవసారి వెళ్లినప్పుడు కూడా మారలేదు. ఇది నా మొదటి ఫిర్యాదు. తెలియక అమ్మడం ఒకటి, తెలిసిన తరువాత చీటీ మార్చకపోవడం ఇంకొకటి.

కొననివాటిలో రెండవది పడవ ఆకారంలో ఉన్న వెండి కడ్డీ. చీనాలో పన్నులు కట్టడానికి, పెద్ద వ్యాపారాలకు ఇటువంటి ముద్దలను తూకం మీద వాడేవారు. వాటికి కొలత ‘తేల్’ అనే చీనా తూకం, సుమారు 37 గ్రాములు. సేటు దగ్గర ఉన్నది 372 గ్రాములు, అంటే పది తేల్‌ల ముద్ద అని చెప్పుకోవడానికి సరిపోయే తూకం. నీటిలో ముంచితే 43 గ్రాములు వచ్చింది, సాంద్రత 8.65. అంటే వెండి కాదు, జర్మన్ సిల్వర్ వంటి మిశ్రమం. ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. కడ్డీని పోత పోయడం తప్పు కాదు, అసలు కడ్డీలన్నీ పోతవే. కానీ వాటి మీది అక్షరాలను తరువాత ముద్రతో కొట్టేవారు, అడుగున లోహం చల్లబడేటప్పుడు గాలి బుడగలు పోయి తేనెపట్టులా లోతైన బొక్కలు పడేవి. ఈ ముద్ద అడుగున బొక్కలు ఉన్నాయి, కానీ అన్నీ ఒకే లోతు, ఒకే సైజు. బుడగలు అంత క్రమశిక్షణతో పోవు. సేటు దీనిని వెంటనే అర నుండి తీసివేసి, ఎవరి దగ్గర కొన్నాడో వారికి ఫోను చేశాడు. ఆ సంభాషణ మార్వాడీలో జరిగింది, అనువదించవలసిన అవసరం రాలేదు.

‘టిబెట్ వెండి’ అని చీటీ ఉన్న కడియం గురించి రెండు మాటలు చాలు. ఆ పేరుతో నేడు అమ్ముడయ్యే కొత్త సరుకులో చాలా భాగంలో వెండి ఉండదు, రాగి, నికెలు, తగరం వంటివే ఉంటాయి. మన ఇళ్లలో వ్రతాలకు కొనే జర్మన్ సిల్వర్ పళ్లాలలో కూడా వెండి రవ్వ ఉండదు కదా. ఆ జర్మన్ సిల్వర్‌కు తాత కూడా చీనావాడే. అక్కడ ఎంతో కాలంగా చేస్తున్న తెల్ల రాగి అనే మిశ్రమాన్ని చూసి 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో దాని నకలు తయారుచేశారు.

నాలుగవది ఒక టీ కెటిల్. దీని మీద నాకు ఇప్పటికీ అనుమానమే తప్ప తీర్పు లేదు. పొట్ట మీద వెదురు ఆకుల పని చక్కగా ఉంది, ముద్ర కూడా కొట్టినదే, నీటి లెక్క కూడా తొంభైకి దగ్గరగా వచ్చింది. అయితే అడుగు భాగం మీద నోటి ఆవిరి ఊదినప్పుడు, ముద్ర చుట్టూ రూపాయి బిళ్ల అంత గుండ్రటి గీత ఒక్క క్షణం తేలి మాయమైంది. టంకం వేసిన చోట ఆవిరి వేరుగా ఆరుతుంది. పాడైన చిన్న వస్తువు నుండి మంచి ముద్ర ఉన్న ముక్కను కోసి, ముద్ర లేని పెద్ద వస్తువుకు అతికించే విద్య వెండి వ్యాపారంలో పాతదే. సేటు అన్నట్లు పాత మరమ్మతు కూడా కావచ్చు. వెండి ధరకు ఇస్తే తీసుకునేవాణ్ణి. ముద్ర ధర అడిగాడు కాబట్టి వదిలేశాను.

మాట ఇచ్చి వచ్చినది విజిటింగ్ కార్డులు పెట్టుకునే డబ్బీ. దాని విషయంలో సేటు కొడుకు చేసిన పొరపాటు చాలామందికి ఉపయోగపడుతుంది. డబ్బీ మీద లాటిన్ అక్షరాలు లేవు, రెండు చీనా అక్షరాలు మాత్రమే ఉన్నాయి. ఆ పిల్లవాడు ఫోనుతో ఫోటో తీసి అనువాదం చేయించాడు. ‘హ లియన్’ వంటి మాట వచ్చింది. అటువంటి దుకాణం ఎక్కడా లేదు కాబట్టి ఇది నకిలీ అని వేరుగా పెట్టాడు. రెండు తప్పులు జరిగాయి. ఒకటి, పాత చీనా రాతలో అడ్డంగా రాసినప్పుడు కుడి నుండి ఎడమకు చదవాలి, మన దగ్గర ఉర్దూ చదివినట్లు. తిప్పి చదివితే ‘లియన్ హ’. రెండు, ఫోను చదివేది నేటి మాండరిన్ ఉచ్చారణలో. పాత ఎగుమతి దుకాణాలు తమ పేర్లను ఇంగ్లీషులో రాసుకున్న పలుకు వేరు. లియన్ హ అంటే లుయెన్ వో, షాంఘై నాన్‌కింగ్ రోడ్డు మీద ఉండిన పేరున్న దుకాణం. ఇలాగే హుంగ్ చోంగ్ అన్న పేరు ఫోనులో హోంగ్‌చాంగ్‌గా వస్తుంది. ముద్ర తలకిందులుగా ఉన్నా ఫోను ఏదో ఒక అర్థం చెబుతుందే తప్ప తెలియదని ఒప్పుకోదు, ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి.

అదే అరలో జపాను డబ్బీ కూడా ఒకటి చీనా చీటీతో ఉంది. దాని మీది రెండు అక్షరాలు జపానులో ‘జున్‌గిన్’ అని చదువుతారు, స్వచ్ఛమైన వెండి అని అర్థం. చీనావారు ‘జు యిన్’ అని కొట్టే ముద్రలో రెండవ అక్షరం ఇదే, మొదటిది వేరు. డ్రాగన్ గోళ్లు మూడైతే జపాను, నాలుగో అయిదో అయితే చీనా అని సేటు ఒక సూత్రం చెప్పాడు. చాలా చోట్ల నిజమవుతుంది, అన్ని చోట్లా కాదు. ఎగుమతి సరుకు చేసేవాడు కొనేవాడి ఇష్టం చూసేవాడే గానీ గోళ్లు లెక్కపెట్టుకుని కూర్చునేవాడు కాదు. ‘చైనా’ అని ఇంగ్లీషులో దేశం పేరు కూడా ఉంటే కాలం కొంత తెలుస్తుంది. దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని అమెరికా 1890 నాటి సుంకం చట్టంతో నియమం పెట్టింది, కాబట్టి ఆ మాట ఉన్న వస్తువు సాధారణంగా 1891కి ముందుది కాదు.

వస్తువుల పుట్టుక గురించి సేటు చెప్పే కథల మీద నాకు నమ్మకం లేదు. ప్రతిదీ ఏదో ఒక సంస్థానం ఇంటి నుండి వచ్చిందే అంటాడు. వనపర్తి, గద్వాల, కొల్లాపురం వంటి సంస్థానాలు ఉన్న సీమలో ఆ మాట చెప్పడం సులభం, కాదని నిరూపించడం కష్టం. బొంబాయి పార్శీ వర్తకులు జంషెట్‌జీ జీజీభాయ్ కాలానికి ముందు నుండే కాంటన్‌తో వ్యాపారం చేశారు కాబట్టి బొంబాయి నుండి హైదరాబాదుకూ, అక్కడి నుండి పాలమూరు గడీలకూ చీనా సామాను రావడం అసాధ్యమేమీ కాదు. అయితే కాగితం గానీ ఫోటో గానీ లేని కథకు నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను. సేటు కథ చెప్పేటప్పుడు ధర రెండు వేలు పెరుగుతుంది, నేను వినడం ఆపగానే మళ్లీ దిగుతుంది.

రెండవ ఫిర్యాదు మెరుగు. అరలోకి వచ్చే ప్రతి వస్తువునూ వెనుక గదిలో తిరిగే బట్ట చక్రం మీద పెట్టి తళతళలాడిస్తారు. దసరా, దీపావళి ముందు చింతపండుతో వెండిని తోమే ఇళ్లలో పెరిగిన వాళ్లకు నల్లగా ఉన్న వెండి అంటే అసహ్యం, కొనేవాళ్లు మెరుపు అడుగుతారని ఆయన అంటాడు. నిజమే కావచ్చు. కానీ ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన సన్నని పొర. పొలుసుల సందుల్లో నిలిచిన ఆ నలుపు వల్లనే నగిషీ పని కంటికి ఆనుతుంది. చక్రం నలుపును మాత్రమే తీయదు, ముద్ర అంచులను కూడా తీసుకుపోతుంది. మగ్గు మీది ‘ఎస్’ ఎనిమిది కావడానికి కారణం కూడా అదే. ముద్రకు ధర కట్టే దుకాణం ముద్రనే అరగదీయడం తన జేబును తానే కోసుకోవడం.

మూడవది బిల్లు. గిన్నెకు ఇచ్చిన బిల్లులో ‘పాత వెండి వస్తువు 1’ అని మాత్రమే రాసి ఉంది. తూకం, ముద్రలు, శాతం రాయమని అడిగితే తూకం రాశాడు, మిగిలినవి తన బాధ్యత కాదన్నాడు. ముద్ర చూపించి ధర చెప్పినప్పుడు ముద్రను కాగితం మీద రాయడానికి వెనుకాడటం నాకు నచ్చలేదు. చాలాసేపు మాట్లాడిన తరువాత నేను తీసిన ఫోటోల కాగితం వెనుక సంతకం పెట్టి దుకాణం ముద్ర వేశాడు. మిగతా కొనుగోలుదారులు కూడా డబ్బు చేతికి ఇచ్చే ముందే ఇది అడగాలి. ఇంకొకటి: 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువును వ్యక్తులు దేశం బయటికి పంపడానికి వీలు లేదు. ‘అమెరికాలో ఉన్న అబ్బాయికి మంచి కానుక’ అని సేటు అందరికీ చెప్పే మాటను అందువల్ల వినకుండా వదిలేయడం మంచిది. వస్తువు నూరేళ్లదని చెప్పి ధర పెంచిన నోటితోనే ఆ సలహా ఇస్తున్నాడు మరి.

ఇన్ని చెప్పినా ఆ దుకాణానికి మళ్లీ వెళ్తాను. తూకంలో మిల్లీగ్రాము తేడా లేదు, ధర తులాల్లో చెప్పినా పాత తులమా, పది గ్రాముల తులమా అని అడగకముందే చెబుతాడు. వస్తువును ఎండలోకి, పరీక్షా కేంద్రానికి, నీటిలోకి తీసుకుపోనిస్తాడు. వారం లోపల తిరిగి తెస్తే పూర్తి డబ్బు ఇస్తానన్నాడు, నా ముందే ఒక షాద్‌నగర్ దంపతులకు ఇచ్చాడు కూడా. హైదరాబాదులో మెరిసే అద్దాల వెనుక పెట్టి, తాకనివ్వకుండా, ముద్ర ఫోటో కూడా తీయనివ్వని చోట్లకు నేను వెళ్లాను. అక్కడి కంటే ఇక్కడ నేర్చుకున్నది ఎక్కువ. చీనా వెండి గురించి ఆయనకు తెలిసింది తక్కువే, కానీ తెలుసుకోవడానికి అడ్డు రాడు.

లుయెన్ వో డబ్బీకి బయానా ఇచ్చాను. దసరా తరువాత వెళ్లి తెచ్చుకోవాలి. దానిని చక్రం మీద పెట్టవద్దని మూడుసార్లు చెప్పి, నల్లగా ఉన్నదాన్ని నల్లగానే గుడ్డలో చుట్టి, పైన నా పేరు రాయించి వచ్చాను. బయటికి వస్తూ అర వైపు చూస్తే మగ్గు చీటీ మీద ‘చీనా’ కొట్టివేసి ‘విలాయతీ’ అని రాసి ఉంది. ధర మాత్రం అలాగే ఉంది.